రన్‌వే ఉంది కదా అని

పాత మిలిటరీ ఎయిర్‌ఫీల్డ్ మాట ఎత్తితే చాలు, మన దగ్గర సంపాదకీయాల నుంచి టీ కొట్టు దాకా ఒకటే వాదన. వందల ఎకరాలు ఊరికే పడున్నాయి, రన్‌వే ఎలాగూ ఉంది, కాస్త మరమ్మతు చేస్తే విమానాలు దిగుతాయి. దిగకపోతే పరిశ్రమలకివ్వొచ్చు, అదీ కుదరకపోతే ప్లాట్లు చేసి అమ్మొచ్చు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటిష్‌వాళ్లు దొనకొండలో వేసిన రన్‌వే గురించి ఏళ్ల తరబడి ఇదే మాట. 2014లో రాజధాని ఎక్కడ అన్న చర్చలో దొనకొండ పేరు వచ్చినప్పుడు కూడా, ఆ రన్‌వేని అర్హతల జాబితాలో రాసినవాళ్లున్నారు. వరంగల్ పక్కన మామునూరు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎన్నికలొచ్చినప్పుడల్లా అక్కడ విమానం గాల్లోకి లేచేది, ఫలితాలతో పాటే దిగిపోయేది.

ఈ వాదనకు ఎదురు చెప్పేవాళ్లు తక్కువ. అభివృద్ధి నిరోధకుడన్న ముద్ర ఎవరికి కావాలి? అయినా చెప్పక తప్పదు, ఈ వాదన మొదటి మాట దగ్గరే తప్పు. ఆ నేల ఊరికే పడి లేదు. ఆ రన్‌వే సిద్ధంగానూ లేదు. రెంటినీ నమ్మేసి దిగితే లాభం ఎవరికి పోతుందో మనకు తెలియనిది కాదు.

ముందు ఒక మోటు లెక్క చూద్దాం. రెండో ప్రపంచయుద్ధం ముగిసేనాటికి బ్రిటన్‌లో సుమారు ఆరేడు వందల సైనిక విమానాశ్రయాలున్నాయి. జర్మనీ మీద బాంబులు వేయడానికీ, ఫ్రాన్స్ మీదికి సేనల్ని దించడానికీ పచ్చటి పొలాల మీద కాంక్రీటు పోస్తూ పోయారు. రన్‌వే ఉంటే చాలు, విమానాశ్రయం దానంతటదే వస్తుందన్నది నిజమైతే ఇవాళ ఆ దేశంలో ఊరికో విమానాశ్రయం ఉండాలి. ఉన్నాయా? స్టాన్‌స్టెడ్ లాంటివి వేళ్ల మీద లెక్కపెట్టేన్నే పెద్ద పౌర విమానాశ్రయాలయ్యాయి. వెల్లింగ్టన్ బాంబర్ల సిబ్బందికి శిక్షణ ఇచ్చిన సిల్వర్‌స్టోన్ కార్ల పందేల ట్రాక్ అయింది. 1950లో ఫార్ములా వన్ ప్రపంచ చాంపియన్‌షిప్ మొట్టమొదటి పందెం జరిగింది అక్కడే. మన పొరుగున మద్రాసు దగ్గర షోలవరం ఎయిర్‌స్ట్రిప్‌దీ అదే దారి. మిగతావాటిలో చాలా భాగం తిరిగి పొలాలయ్యాయి, కోళ్లఫారాలయ్యాయి, గిడ్డంగులయ్యాయి. విమానం దిగడానికి మూడు కిలోమీటర్ల కాంక్రీటు ఒక్కటే చాలదు. ఎక్కేవాళ్లుండాలి, వాళ్లొచ్చే దారి ఉండాలి, పైన ఆకాశంలో ఇంకో విమానాశ్రయం దారికి అడ్డం రాకూడదు. యుద్ధంలో రన్‌వే పెట్టిన చోటును ఎంచింది శత్రువు ఎంత దూరంలో ఉన్నాడన్న లెక్కతో. ప్రయాణికుడు ఎంత దూరంలో ఉన్నాడని అప్పుడు ఎవరూ అడగలేదు.

ఆ వందల్లో ఒకదాని కథ పూర్తిగా చెప్పాలి. లండన్‌కు పడమట, బర్క్‌షైర్‌లో న్యూబరీ పట్టణాన్ని ఆనుకుని ఉన్న గ్రీన్‌హామ్ కామన్. మనవాళ్లు చాలామంది ఉద్యోగాలు చేసుకునే రెడింగ్ నుంచి రైలెక్కితే అరగంటలోపు న్యూబరీ. ఆదివారం పిల్లల్ని తీసుకుని అక్కడికి నడకకు వెళ్లే తెలుగు కుటుంబాలకు, కాళ్ల కింద ఉన్నది ఒకప్పటి అణ్వస్త్ర స్థావరమని తెలుసో లేదో.

కామన్ అంటే ఊరి పశువులు మేసే బీడు. తెలంగాణలో గైరాన్, కోస్తాలో మేత పోరంబోకు అంటామే, ఇంచుమించు అదే. తేడా ఏమిటంటే అక్కడ నేలకు యజమాని వేరే ఉంటాడు, మేపుకునే హక్కు మాత్రం చుట్టుపక్కల ఫలానా ఇళ్లకు, ఫలానా పొలాలకు అంటిపెట్టుకుని తరతరాలుగా వస్తుంది. ఆ హక్కున్నవాళ్లు కామనర్లు. 1941లో యుద్ధావసరమని ప్రభుత్వం ఈ బీడును తీసుకుంది. యుద్ధం అయిపోగానే తిరిగిచ్చేస్తారనే అందరూ అనుకున్నారు. నార్మండీ దండయాత్రకు ముందురోజు, 1944 జూన్ 5 సాయంత్రం, జనరల్ ఐసెన్‌హోవర్ ముఖాలకు మసి పూసుకున్న పారాట్రూపర్లతో మాట్లాడుతున్న ఫొటో ప్రపంచమంతా చూసింది. అది ఈ బీడు మీద తీసిందే.

యుద్ధం అయిపోయింది. కొన్నాళ్లకు ప్రచ్ఛన్న యుద్ధం మొదలైంది. 1951లో అమెరికా వైమానిక దళం వచ్చి కూర్చుంది. పదివేల అడుగుల కొత్త రన్‌వే పోశారు, బీ-47 బాంబర్లు దిగాయి. 1958 ఫిబ్రవరిలో పైకి లేచిన ఒక బాంబర్‌కు ఏదో తేడా వచ్చి ఇంధనపు ట్యాంకులు వదిలేస్తే, వాటిలో ఒకటి నేల మీదున్న ఇంకో బాంబర్ దగ్గర పడి మంటలు లేచాయి, ఇద్దరు చనిపోయారు. ఆ మంటల్లో అణ్వస్త్రం ఉందా అన్న అనుమానం జనాన్ని వదల్లేదు. లేదని ప్రభుత్వం అన్నా నమ్మినవాళ్లు తక్కువ. చివరకు 1990ల్లో నేలను పరీక్ష చేయించి, భయపడాల్సిందేమీ కనబడలేదని తేల్చుకోవాల్సి వచ్చింది. ఊరికే పడి ఉన్న స్థలం అనేవాళ్లు ఈ ముక్క దగ్గర కాస్త ఆగాలి. సైన్యం వదిలి వెళ్లిన నేల, పొలంలా పడి ఉండదు. దాని కింద ఏముందో తెలుసుకోవడానికే డబ్బూ, ఏళ్లూ పడతాయి.

తర్వాతి అధ్యాయం చాలామందికి తెలుసు. అమెరికా క్రూయిజ్ క్షిపణుల్ని ఇక్కడ పెడతామని ప్రకటించారు. 1981 సెప్టెంబరులో కార్డిఫ్ నుంచి నడిచి వచ్చిన కొందరు మహిళలు గేటు ముందు గుడారాలు వేశారు. 1982 డిసెంబరు 12న ముప్ఫై వేల మంది మహిళలు చేయీచేయీ పట్టుకుని తొమ్మిది మైళ్ల కంచె చుట్టూ నిలబడ్డారు. అయినా 1983 నవంబరులో క్షిపణులు రానే వచ్చాయి. మొత్తం తొంభై ఆరు. 1987లో రీగన్, గోర్బచేవ్ సంతకం చేసిన ఒప్పందంతో వెనక్కి వెళ్లడం మొదలై, 1991లో చివరిది వెళ్లిపోయింది. మహిళలే తరిమారని వాళ్ల అభిమానులు, వాళ్లకు దీంతో సంబంధమే లేదని వాళ్ల విరోధులు ఇప్పటికీ కొట్టుకుంటారు. ఆ తగవులో నేను దిగను. ఆ మహిళలు గెలిచిన ఇంకో పోరాటం ఉంది. అది కోర్టులో జరిగింది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. నా వాదనకు కావలసింది అదే.

కంచె దూకి లోపలికి పోతున్న మహిళల్ని శిక్షించడానికి రక్షణ శాఖ 1985లో ఉపవిధులు చేసింది. అనుమతి లేకుండా లోపల అడుగుపెడితే నేరం. ఆ అధికారం 1892 నాటి సైనిక భూముల చట్టం నుంచి వచ్చింది. సమస్యేమిటంటే అదే చట్టంలో ఇంకో మాట ఉంది: అలాంటి ఉపవిధులేవీ కామన్ హక్కులకు భంగం కలిగించకూడదు. శిక్ష పడ్డ ఇద్దరు మహిళలు ఆ మాట పట్టుకున్నారు. వాళ్లు కామనర్లు కారు. వాళ్లకు గొడ్డూ లేదు, గోదా లేదు. అయినా వాళ్ల వాదన ఇది: ఈ బీడు మీద ఇప్పటికీ మేపుకునే హక్కున్నవాళ్లున్నారు, మీ ఉపవిధి వాళ్లను కూడా బయట నిలబెడుతోంది, కాబట్టి అది చెల్లదు. కేసు పై కోర్టులకు పోయి, 1990లో అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ ముందుకొచ్చింది. లార్డ్స్ ఒప్పుకున్నారు. అణ్వస్త్ర స్థావరాన్ని కాపాడడానికి చేసిన శాసనం ఆవుల మేత హక్కు ముందు కొట్టుకుపోయింది.

ఒక్కసారి ఆలోచించండి. దశాబ్దాలుగా ఆ కంచె లోపల పశువులు మేసింది లేదు. మూడు కిలోమీటర్ల కాంక్రీటు, గుట్టల్లాంటి బంకర్లు, మూడు వరసల ముళ్లకంచె. కంటికి కనబడేదంతా సైన్యానిదే. కాగితం మీద మాత్రం ఊరి హక్కు బతికే ఉంది. స్థలం ఎవరిదో కంచె చూసి చెప్పలేమనడానికి ఇంతకంటే ఏం కావాలి? మన దగ్గర పాత రన్‌వేల మీద పరిశ్రమలు పెట్టమని రాసేవాళ్లలో ఎంతమంది, యుద్ధానికి ముందు ఆ నేల రికార్డుల్లో ఏమని ఉందో అడిగారు? పట్టానా, మేత బీడా, చెరువు శిఖమా? సైన్యం తీసుకున్నప్పుడు పరిహారం ఎవరికిచ్చారు, ఎవరికివ్వలేదు? అవసరం తీరితే తిరిగివ్వాలన్న షరతు ఏదన్నా ఉందా? ఇవి అడగకుండానే, ప్రభుత్వ భూమి కదా అని తేల్చేస్తాం. ప్రభుత్వ భూమి అంటే దానికి ముందు ఎవరిదీ కాని భూమి అని ఎక్కడ రాసుంది?

ఇక రన్‌వే సంగతి. అమెరికావాళ్లు 1992లో వెళ్లిపోయాక గ్రీన్‌హామ్‌కు కావలసినవన్నీ ఉన్నాయి: పొడవాటి రన్‌వే, కంట్రోల్ టవరు, అటు లండన్ వైపు మోటార్‌వే, పక్కనే రైలు. మన వాదన ప్రకారం ఇంతకంటే సిద్ధంగా ఉన్న విమానాశ్రయం ఇంకోటి ఉండదు. వాళ్లేం చేశారు? ఆ కాంక్రీటును పగలగొట్టించారు. పెద్ద యంత్రాలు పెట్టి పిండి చేయించి అమ్మారు. అందులో కొంత అప్పుడే కడుతున్న న్యూబరీ బైపాస్ రోడ్డు కిందికి పోయింది. ఆ బైపాస్ కోసం వేల చెట్లు నరుకుతుంటే జనం కొమ్మలెక్కి కూర్చుని అడ్డుకోజూశారన్నది వేరే కథ. ఇంగ్లండ్‌వాళ్లందరూ పచ్చదనం కోసం తపించే ఋషులేం కారు. డబ్బు లెక్క చూసుకునే చేశారు.

ఆ లెక్కే మనవాళ్లు చూడాల్సింది. 1997లో స్థానికులు కలిసి ఒక ట్రస్టు పెట్టుకుని, మొత్తం స్థావరాన్ని రక్షణ శాఖ దగ్గర 70 లక్షల పౌండ్లకు కొన్నారు. సైన్యం కట్టుకున్న గిడ్డంగులూ ఆఫీసులూ ఉన్న దక్షిణపు ముక్క, సుమారు 150 ఎకరాలు, ట్రస్టు తన దగ్గరుంచుకుని వ్యాపార సంస్థలకు అద్దెకిచ్చింది. మిగతా బీడంతా స్థానిక కౌన్సిల్‌కు ఒక్క పౌండుకు ఇచ్చేసింది. అద్దెల మీద వచ్చిన మిగులు చుట్టుపక్కల ఊళ్లలోని సేవా సంస్థలకు, బళ్లకు, క్లబ్బులకు పోతుంది; ఇప్పటికి పదుల మిలియన్ల పౌండ్లు పంచారు. కట్టిన చోట కట్టడాలనే వాడుకున్నారు, కట్టని చోటును బీడుగానే ఉంచారు. ఉద్యోగాలూ వచ్చాయి, బీడూ మిగిలింది. పరిశ్రమలు పెట్టాలా, నేల వదిలేయాలా అని మనం టీవీలో రెండు కుర్చీలు వేసి కొట్టుకునే తగవు అక్కడ కొనుగోలు పత్రం దగ్గరే తీరిపోయింది.

వాళ్లది డబ్బున్న దేశం, వాళ్ల సోకులు వాళ్లవి, వరంగల్‌కు విమానాశ్రయం అక్కర్లేదా అని అడిగేవాళ్లుంటారు. అది న్యాయమైన ప్రశ్నే. అక్కర్లేదని నేను అనడం లేదు. కాకతీయుల రాజధానికి, తెలంగాణలో రెండో పెద్ద నగరానికి విమానం కావాలంటే కావాలి. నా పేచీ దాన్ని అడిగే తీరుతో. మామునూరు నిజాం కాలంనాటిది, 1981 నుంచి విమానాల రాకపోకల్లేవు. 150 కిలోమీటర్ల లోపల ఇంకో విమానాశ్రయం రాకూడదన్న శంషాబాద్ విమానాశ్రయ ఒప్పందపు షరతు ఏళ్ల తరబడి అడ్డం కూర్చుంది. అది తొలగి, 2025లో కేంద్రం పచ్చజెండా ఊపింది. విమానాశ్రయ సంస్థ చేతిలో దాదాపు 696 ఎకరాలున్నాయి. సరిపోయాయా? ఇంకో 253 ఎకరాలు రైతుల దగ్గర తీసుకోవాలన్నారు. దానికి రాష్ట్ర ప్రభుత్వం 205 కోట్లు మంజూరు చేసింది. ఎందుకంటే ఇప్పటి పెద్ద విమానాలకు పాత రన్‌వే పొడవు చాలదు, వెడల్పు చాలదు, పటుత్వం చాలదు. అంటే పాత రన్‌వే ఉంది కదా అని మొదలుపెట్టిన పని, కొత్త రన్‌వే వేయడం దగ్గరా, చుట్టుపక్కల పల్లెల్లో పొలం పోగొట్టుకునే రైతు పరిహారం కోసం ఆఫీసుల చుట్టూ తిరగడం దగ్గరా తేలింది. మొదట్నుంచీ ఇది రైతుల భూమి తీసుకుని కట్టే కొత్త విమానాశ్రయమని చెప్పి ఉంటే, ఆ భూమికి ధర ఎంతో, ప్రత్యామ్నాయం ఏమిటో అప్పుడే బేరం జరిగేది. ఉన్నదే కదా, బాగుచేయడమే కదా అని చెప్పడం వల్ల ఆ బేరం చివర్లో, రైతు ఒంటరిగా ఆడాల్సి వచ్చింది.

వ్యాపారమంటే గిట్టనివాళ్లు చెప్పే ఇంకో వాదన ఉంది. అది మనసుకు హాయిగా ఉంటుంది కాబట్టి మరింత ప్రమాదం. వాళ్లంటారు: ఏమీ చేయకండి, వదిలేయండి, ప్రకృతి తనంతట తనే తిరిగొస్తుంది. కాంక్రీటు పగుళ్లలోంచి గడ్డి మొలుస్తుంది, పక్షులు వస్తాయి. గ్రీన్‌హామ్ ఫొటోలు చూపించి మరీ అంటారు. గ్రీన్‌హామ్‌లో అలా జరగనే లేదు. నేల కింది ఇంధనపు ట్యాంకుల్నీ గొట్టాల్నీ తవ్వి తీశారు, కలుషితమైన మట్టిని శుభ్రం చేశారు. కాంక్రీటు తీసిన చోట మిగిలిన కంకర నేల మీద పొదలు మొలిచాక కూడా పని అయిపోలేదు. ఆ బీడు పొట్టి పొదల బీడుగా ఉండాలంటే ఎవరో ఒకరు మేయాలి. మేత ఆగితే కొన్నేళ్లలో గోర్స్ ముళ్లపొద, బర్చ్ చెట్టు కమ్ముకుని, నేల మీద గూడు పెట్టుకునే నైట్‌జార్, ఉడ్‌లార్క్, ల్యాప్‌వింగ్ పిట్టలకు చోటు లేకుండా పోతుంది. అందుకని కామనర్ల ఆవులు తిరిగి రావాల్సొచ్చింది. 2002లో పార్లమెంటు ప్రత్యేకంగా ఒక చట్టం చేసి, కామనర్ల హక్కుల్నీ, జనం తిరిగే హక్కునూ రాసిపెట్టింది. పక్షులు గుడ్లు పెట్టే నెలల్లో కుక్కల్ని గొలుసుతో పట్టుకోమని బోర్డులుంటాయి, చూడ్డానికి రేంజర్లుంటారు. చట్టం, పశువులు, జీతగాళ్లు. ఇవన్నీ కలిస్తే వచ్చిన పచ్చదనం అది. వదిలేయడానికీ దీనికీ చాలా దూరం.

ఇప్పుడు అక్కడికి వెళ్తే బోలెడు వింతలు. రన్‌వే ఉన్న చోట ఒకచోట మాత్రం గుర్తుగా కొంత కాంక్రీటు వదిలారు. ఎండ కాసిన రోజు ఆవులకు ఆ వెచ్చదనం నచ్చుతుందేమో, దాని మీదే పడుకుని నెమరేస్తుంటాయి, సైకిళ్లవాళ్లు చుట్టూ తిరిగి పోతారు. పొదల మధ్య, ఏ ఇల్లూ ఏ రోడ్డూ లేని చోట, ఫైర్ హైడ్రెంట్లు నిటారుగా నిలబడి ఉంటాయి. అగ్నిమాపక సిబ్బంది తర్ఫీదు కోసం చేసుకున్న ఇనుప విమానపు బొమ్మ తుప్పు పట్టి నీటి గుంట పక్కనే ఉంది. క్షిపణుల్ని దాచిన ఆరు బంకర్లూ కంచె లోపల, దేశం రక్షించాల్సిన కట్టడాల జాబితాలో చేరి ఉన్నాయి. స్టార్ వార్స్ సినిమా దృశ్యాలు కూడా అక్కడ తీశారు. కంట్రోల్ టవరును 2018లో జనానికి తెరిచారు. కింద కాఫీ అమ్ముతారు, పైన కిటికీలోంచి చూస్తే ఒకప్పుడు బాంబర్లు లేచిన చోట పసుప్పచ్చటి గోర్స్ పూలు. చరిత్రను చెరిపేశారని కొందరి ఫిర్యాదు. ఆ రన్‌వేని అలాగే ఉంచి పైన విమానాలు నడిపితే చరిత్ర మిగిలేదా? ఫ్రాంక్‌ఫర్ట్‌కు గంటకో ఫ్లైటు ఉన్న చోట ఐసెన్‌హోవర్‌ను తలచుకునేదెవరు?

అన్ని పాత రన్‌వేలనూ గ్రీన్‌హామ్ చేయమని కాదు నా మాట. ఇంగ్లండ్‌లోనే కేంబ్రిడ్జ్‌షైర్‌లోని ఆల్కన్‌బరీ లాంటి చోట్ల వేల ఇళ్లు కడుతున్నారు, అక్కడ ఇళ్ల అవసరం అలాంటిది. బెర్లిన్‌లో టెంపెల్‌హాఫ్ మూతపడ్డాక 2014లో జనం ఓటేసి, ఆ మైదానంలో ఏమీ కట్టొద్దన్నారు. ఇళ్ల కొరత ముదిరాక ఆ తీర్పును తిరగదోడాలనేవాళ్లూ తయారయ్యారు. ఒక్కో చోట ఒక్కో జవాబు వస్తుంది. ఆ జవాబులన్నిటికీ ముందు, ఆ నేల మీద ఎవరికేం హక్కుందన్న ప్రశ్న అడిగారు, ఊరిని అడిగారు. మన దగ్గర ఆ ప్రశ్నను దాటేయడానికే రన్‌వే మాట పనికొస్తోంది. కాంక్రీటు కనబడగానే ఊరు కనబడడం మానేస్తుంది. రన్‌వే పక్కన గొర్రెలు మేపుకునేవాడు ఆక్రమణదారు అవుతాడు. వాడి తాత అక్కడే మేపాడని ఏ ఫైల్లో ఉందో చూసే ఓపిక ఎవరికీ ఉండదు.

కాబట్టి దొనకొండలోనైనా, ఇంకెక్కడైనా సరే, సలహాదారు సంస్థ చేత డీపీఆర్ రాయించే ముందు చేయాల్సిన పని ఒకటుంది. దానికి కోట్లు అక్కర్లేదు. యుద్ధానికి ముందునాటి అడంగళ్లు, తెలంగాణలోనైతే సేత్వార్, పహాణీలు బయటికి తీయాలి. సైన్యం ఏ సర్వే నంబర్లు తీసుకుంది, ఎవరి పేరున, ఏ షరతు మీద తీసుకుంది, అందులో మేత భూమి ఎంత అన్నది గ్రామసభలో తెలుగులో చదివి వినిపించాలి. ఆ చదువు అయ్యేదాకా టెండరు పిలవకూడదు.